గోదారి మీద ఎవరి సొమ్ము?

రాజమండ్రి దగ్గర గోదావరి మీద నాలుగు వంతెనలు లేచాయి. 1900లో హేవలాక్ వంతెన, 1974లో రోడ్డు-కమ్-రైలు వంతెన, 1997లో ఆర్చ్ బ్రిడ్జి, 2015లో పుష్కరాలు మొదలయ్యే వేళకు కాతేరు వైపున నాలుగోది. మొదటి మూడూ సర్కారు సొమ్ముతో కట్టినవే. నాలుగో వంతెనను మాత్రం గామన్ కంపెనీ బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చి, సర్కారు ఇచ్చిన గ్రాంటు కలుపుకుని కట్టింది. పాతికేళ్ల గడువు, ఆ గడువులో టోలు వసూలు చేసుకునే హక్కు, తర్వాత వంతెనను సర్కారుకు అప్పగించడం: స్థూలంగా ఇదీ ఒప్పందం. కొవ్వూరు వైపు వెళ్తూ టోలు కట్టే లారీ డ్రైవరుకు ఈ ఒప్పందంలో ఏముందో తెలియదు. తెలుసుకుందామన్నా చెప్పే నాథుడు లేడు. గోదావరి మీద కట్టడాల చరిత్ర రాసినవాళ్లు రాళ్ల గురించి, వరదల గురించి, దొరల గురించి చాలా రాశారు. డబ్బు ఎక్కడిది, నష్టమొస్తే ఎవరు భరించారు అన్న సంగతి దగ్గరికొచ్చేసరికి కలం ఆగిపోయింది.

కంపెనీలు, కన్సెషన్లు అనే మాటలు రాకముందే గోదావరి పాయల మీద అలాంటి ఏర్పాటు ఒకటి ఉంది. అదే రేవు పాట. రేవు సర్కారుది, నడిపే హక్కు పాట పాడుకున్నవాడిది. మనిషికెంత, బండికెంత అన్న రేటు మాత్రం పైనుంచే ఖరారవుతుంది. మద్రాసు ప్రభుత్వం 1890లో కాలువలు, రేవుల చట్టం చేసి దీన్ని కాగితం మీదికి ఎక్కించింది. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి వశిష్ఠ పాయ దాటే పంటు ఎక్కితే ఆ పాత పద్ధతి నేటికీ కంటికి కనపడుతుంది. పంటు మీద మోటారు సైకిళ్లు, ఆటోలు, కొబ్బరికాయల బస్తాలు, కూరగాయల గంపలు; వాటి మధ్య ఒంటికాలి మీద నిలబడ్డ జనం. వరదొచ్చి పంటు ఆగితే ఆ రోజు నష్టం పాటదారుది. అంతర్వేది తీర్థానికి జనం విరగబడితే లాభమూ అతనిదే. ఎవరి లాభం, ఎవరి నష్టం అన్నది రేవులో నిలబడ్డ ప్రతి మనిషికీ తెలుసు. ఆ తర్వాత వచ్చిన పెద్ద ఒప్పందాల్లో ఈ స్పష్టత కరువైంది.

ధవళేశ్వరం ఆనకట్ట సంగతికి వద్దాం. 1832-33 డొక్కల కరువు, 1839 కోరంగి ఉప్పెన ఈ ప్రాంతాన్ని పీల్చి పిప్పి చేశాక ఇంజనీరు ఆర్థర్ కాటన్ నివేదికతో కదలిక వచ్చింది. 1847లో పని మొదలై 1852లో పూర్తయింది. ఆ పనికి కావలసిన విద్య ఇంగ్లండు నుంచి రాలేదు, కావేరి నుంచి వచ్చింది. ఇసుక మీద రాతికట్టను ఎలా నిలబెట్టాలో తంజావూరు ప్రాంతంలోని పాత కట్టడం కల్లణై చూసే నేర్చుకున్నామని కాటనే ఒప్పుకున్నాడు. కావేరి, కొళ్లిడం మీద 1836లో చేసిన పనులు ఆయనకు బడి అయ్యాయి. జబ్బు చేసి కాటన్ సెలవు మీద వెళ్లినప్పుడు ఇక్కడి పని చూసిన కెప్టెన్ ఓర్, ఆ అనుభవంతోనే బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట కట్టాడు. 1858లో కాటన్ ఒరిస్సా వెళ్లి మహానది డెల్టాకు పథకం రాశాడు. కావేరి, గోదావరి, కృష్ణ, మహానది: పాతికేళ్లలోపే తూర్పు తీరం పొడవునా ఒక డెల్టా ఇంకో డెల్టాకు పాఠం చెప్పింది. ప్రాంతాల మధ్య సహకారం అని ఇవాళ సదస్సుల్లో దేన్ని అంటున్నారో, అది ఇక్కడ రాయి, సున్నం, కూలి చేతుల మీదుగా జరిగిపోయింది.

ధవళేశ్వరం ఆనకట్టకు డబ్బు ఈస్టిండియా కంపెనీ ప్రభుత్వానిది. సార్వా పండింది, శిస్తు పెరిగింది, పెట్టిన సొమ్ము తిరిగొచ్చింది. 1865లో మద్రాసు ప్రభుత్వం నీటి తీరువా చట్టం తెచ్చి రాబడిని ఇంకా గట్టి చేసుకుంది. అంటే ఆనకట్టకు అసలు చెల్లింపుదారు డెల్టా రైతే. పడవల కాలువలు రాజమండ్రిని ఏలూరుతో, బెజవాడతో కలిపాయి. కాకినాడ రేవుకు ధాన్యం నీటి మీదే చేరింది. ఈ లాభం లండన్‌లో డబ్బున్నవాళ్ల కంట పడింది. గోదావరిలో ఇంత వస్తే మిగతా నదుల మీద ఎందుకు రాదు అన్న ఆశ పుట్టింది. అక్కడే దారి తప్పింది.

1858లో మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ పుట్టింది. తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర ఆనకట్ట కట్టి, కర్నూలు నుంచి కడప దాకా కాలువ తవ్వడం దాని పని. మూలధనం 10 లక్షల పౌన్లు. కాలువ పారినా పారకపోయినా వాటాదారులకు 5 శాతం వడ్డీ సర్కారు హామీ. రైలు కంపెనీలకు ఇచ్చిన హామీనే కాలువకూ తగిలించారు. హామీ ఉన్నప్పుడు ఖర్చు తగ్గించాలన్న తొందర ఎవరికి ఉంటుంది? మొదటి డబ్బు చాల్లేదు. 1866లో సర్కారే మరో 6 లక్షల పౌన్లు అప్పిచ్చింది. 1870ల తొలినాళ్లకు నీళ్లు వచ్చాయి గానీ తీసుకునే రైతు లేడు. నల్లరేగడిలో వానకు జొన్న పండించుకునేవాడికి ఏటేటా నీటి డబ్బు కట్టి వరి వేయాల్సిన అవసరం కనపడలేదు. డెల్టా ఒండ్రు నేలకు కుదిరిన లెక్కను సీమ రేగడికి అతికించారు. అదీ తప్పు. 1882లో ప్రభుత్వం కాలువను కొనేసింది. అన్నేళ్లూ లండన్ వాటాదారులకు పోయిన వడ్డీ ఈ దేశపు రాబడిలోంచే పోయింది. గోదావరి రైతు కట్టిన శిస్తూ ఆ ఖజానాలోదే. తన పొలానికి సంబంధం లేని కాలువకు తన కష్టార్జితం ఎలా వెళ్లిందో అతనికి ఎవరూ చెప్పలేదు.

ఒరిస్సాలో ఇంకో రకం. కాటన్ నివేదిక ఆధారంగా వచ్చిన ఈస్టిండియా ఇరిగేషన్ కంపెనీకి వడ్డీ హామీ లేదు. హామీ లేని కంపెనీకి డబ్బు పుట్టలేదు. 1866లో ఒరిస్సా కరువు వచ్చింది. రెండేళ్లకు ఆ కాలువలూ సర్కారు పరమయ్యాయి. హామీ ఇచ్చిన చోటా, ఇవ్వని చోటా చివరికి భారం వచ్చి పడింది ఖజానా మీదే. పొరుగు ప్రాంతాల అనుభవాలను పక్కపక్కన పెట్టి చదివితే తప్ప ఈ సంగతి తేలదు. ఒక్క కర్నూలు కథో, ఒక్క ఒరిస్సా కథో చదివితే సగమే అర్థమవుతుంది.

స్వాతంత్ర్యం తర్వాత నలభై ఏళ్లకు పైగా డబ్బు ఎవరిది, నష్టం ఎవరిది అన్న ప్రశ్న వెనక్కి పోయింది. కాటన్ బ్యారేజీ, రోడ్డు-కమ్-రైలు వంతెన, లంకల మీది వంతెనలు అన్నీ ప్రభుత్వ పద్దులోవే.

1991 ఆర్థిక సంస్కరణల తర్వాత ఆ ప్రశ్న మళ్లీ లేచింది, అదీ గోదావరి ఒడ్డునే. కడియం దగ్గర జేగురుపాడులో జీవీకే సంస్థ 216 మెగావాట్ల గ్యాసు విద్యుత్ కేంద్రం కట్టింది. దేశంలో ప్రైవేటు విద్యుత్తుకు తలుపులు తీశాక మొదట వెలిగిన కేంద్రాల్లో అదొకటి. ప్రపంచ బ్యాంకు గొడుగు కింది ఐఎఫ్‌సీ కూడా అందులో డబ్బు పెట్టింది. అప్పటి కేంద్ర నోటిఫికేషన్ ప్రకారం, విద్యుత్ కేంద్రం 68.5 శాతం సామర్థ్యానికి సిద్ధంగా ఉంటే చాలు, పెట్టుబడి మీద 16 శాతం రాబడి ఖాయం. కర్నూలు కాలువ 5 శాతానికి ఇది వారసురాలు. ఒప్పందం గడువు తీరాక 2016లో రాష్ట్ర పంపిణీ సంస్థలు ఆ కేంద్రాన్ని కొనుక్కున్నాయి.

తర్వాత వచ్చిన కేంద్రాల గతి వేరు. వేమగిరిలో జీఎంఆర్, పెద్దాపురం వైపు గౌతమి, రావులపాలెం దగ్గర కోనసీమ పవర్: కాళ్ల కింద గ్యాసు ఉందన్న ధీమాతో కట్టారు. తయారయ్యాక ఏళ్లకేళ్లు గ్యాసు కోసం ఎదురుచూశారు. కాకినాడ దగ్గరి గాడిమొగ టెర్మినల్‌కు 2009 ఏప్రిల్‌లో సముద్రపు గ్యాసు చేరింది. నాలుగేళ్లు తిరక్కుండానే, 2013 మార్చికి, ఆ కేంద్రాలకు సరఫరా నిలిచిపోయింది. బ్యాంకుల అప్పు మాత్రం అలాగే ఉంది. ఆ బ్యాంకుల్లో ఉన్నది మన డిపాజిట్లే.

ఏ ఒప్పందంలోనూ రాయని రిస్కు ఇంకొకటుంది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాసు గొట్టం పేలి 20 మందికి పైగా చనిపోయారు. అది ప్రభుత్వ సంస్థ గెయిల్ గొట్టం. అందులో పోతున్న గ్యాసు కొండపల్లిలోని ప్రైవేటు విద్యుత్ కేంద్రానిది. కరెంటు ఎక్కడికో పోయింది, ప్రాణం మాత్రం ఆ ఊరిది. ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యం అన్నప్పుడల్లా మూడో భాగస్వామిగా ఆ ఊళ్లోవాళ్లను లెక్కపెట్టనంతకాలం ఆ మాట సగం అబద్ధమే.

మంచి ఉదాహరణా ఉంది, చెప్పకపోతే అన్యాయం. కాకినాడ లోతునీటి రేవును రాష్ట్ర ప్రభుత్వం ఆసియా అభివృద్ధి బ్యాంకు సాయంతో ముందు తనే కట్టి, 1999 ఏప్రిల్‌లో నిర్వహణకు ప్రైవేటు చేతికి ఇచ్చింది. వసూళ్లలో వాటా ఏటా ప్రభుత్వానికి రావాలన్నది షరతు. సముద్రంలో కట్టడమనే పెద్ద రిస్కు సర్కారు మోసింది; ఓడలను రప్పించే పూచీ కంపెనీది. ఎవరు ఏది మోయగలరో అది వాళ్లకే అప్పగించారు. పెద్దదైనా అది రేవు పాటే. అప్పటికి గుజరాత్ తన రేవుల్లో ప్రైవేటు పెట్టుబడులకు విధానం ప్రకటించి ఉంది. 1999లో మౌలిక సదుపాయాల చట్టమూ చేసింది. మన రాష్ట్రం 2001లో అలాంటి చట్టం తెచ్చింది. రాష్ట్రాలు ఒకదాన్ని చూసి ఒకటి నేర్చుకున్న రోజులవి.

దేశాల మధ్య మాత్రం ఆ నేర్చుకోవడం చాలా నెమ్మది. వేమగిరి కేంద్రం కట్టిన జీఎంఆరే 2010లో మాల్దీవుల రాజధాని మాలే విమానాశ్రయం ఒప్పందం దక్కించుకుంది. అక్కడి ప్రభుత్వానికి సలహాదారు ఐఎఫ్‌సీ. ప్రయాణికుడి మీద 25 డాలర్ల రుసుం దగ్గర గొడవ మొదలై, సర్కారు మారి, 2012లో ఒప్పందం రద్దయింది. సింగపూర్‌లో మధ్యవర్తిత్వం నడిచి, చివరికి ఆ చిన్న దేశం కోట్ల డాలర్ల పరిహారం కట్టింది. అప్పిచ్చేవాళ్లు, సలహాదారులు, లాయర్లు జేగురుపాడు నుంచి మాలే దాకా తమ అనుభవాన్ని వెంట తీసుకెళ్తారు. పన్ను కట్టేవాళ్ల అనుభవం మాత్రం ఊరి పొలిమేర దాటదు. 2007 అక్టోబరులో సియోల్‌లో ఆసియా పసిఫిక్ దేశాల మంత్రులు ఐక్యరాజ్యసమితి ప్రాంతీయ సంఘం పిలుపు మీద కూడి, ఈ భాగస్వామ్యాల మీద ఒకరికొకరు సహకరించుకుంటామని ప్రకటన చేశారు. మంచి మాటే. దాని ఫలం కొవ్వూరు దాకా వచ్చిందా అన్నదే నా ప్రశ్న.

ఎందుకంటే నాలుగో వంతెన మీద అనుకున్నంత టోలు రాలేదు. అప్పు మొండి బకాయిగా మారింది. అంచనా వేసినప్పుడు ఎన్ని లారీలు వస్తాయన్నారు, వచ్చినవెన్ని, తగ్గినదానికి ఎవరు జవాబుదారీ అన్నది ప్రయాణికుడికి అర్థమయ్యే భాషలో ఎక్కడా లేదు. జాతీయ రహదారిలో తుని నుంచి అనకాపల్లి ముక్కను జీఎంఆర్ వేరే పద్ధతిలో వేసింది. అక్కడ ట్రాఫిక్‌తో నిమిత్తం లేకుండా ప్రభుత్వం ఆరు నెలలకోసారి ముందే ఖరారు చేసిన మొత్తం చెల్లించేది. రెండింటి మధ్య దూరం కొన్ని గంటల ప్రయాణం. రెండు ఒప్పందాలనూ పక్కపక్కన పెట్టి ఏది ప్రజలకు చవకో లెక్క తేల్చిన నివేదిక మన విశ్వవిద్యాలయాల్లో ఎవరైనా రాస్తే ఢాకాకూ, కొలంబోకూ, ఖాట్మండూకూ అది పనికొస్తుంది. కావేరి గోదావరికి చేసిన మేలు అలాంటిదే.

రోడ్లు, భవనాల శాఖకు, రాజమండ్రి, కొవ్వూరు ప్రజాప్రతినిధులకు ఒక విన్నపం. నాలుగో వంతెన ఒప్పందాన్ని, ఏటేటా వసూలైన టోలు లెక్కను తెలుగులో ప్రజల ముందు పెట్టండి. గడువు ముగిసేనాటికి వంతెన ఏ స్థితిలో చేతికి రావాలో, రాకపోతే ఎవరు బాగుచేయాలో ఇప్పుడే తేల్చండి. నరసాపురం దగ్గర వశిష్ఠ మీద వంతెన వస్తే దాని డబ్బు లెక్క కూడా శంకుస్థాపనకు ముందే చెప్పండి, పునాది రాయి వేశాక కాదు.