చిన్న కెమెరా, పాతబేరము

ఛాయాగ్రహణము పుట్టిన తొలి దినములలో కెమెరా యనునది మూడుకాళ్ల కొయ్యపీఠముపై నిలిచి, నల్లగుడ్డ కప్పుకొని, ఎదుట కూర్చున్నవారిని కదలవద్దని శాసించు గంభీర యంత్రముగా నుండెను. అది కోటుజేబులోనికి దిగివచ్చిన వృత్తాంతమును పరిశీలించినచో, ఛాయాచిత్రకారుడు నేర్వవలసిన విద్యను ఒక్కొక్కటిగా యంత్రమున కప్పగించుచు వచ్చిన చరిత్రయే కానవచ్చును. నేడు పాత కెమెరాను కొనబోవువాడు మొదట ఎఱుగవలసినదియు ఆ అప్పగింతల క్రమమే.

జర్మనీలోని వెట్జ్‌లార్ పట్టణమున సూక్ష్మదర్శినులను చేయు లైట్జ్ కర్మాగారమునందు ఆస్కార్ బర్నాక్ అను పనివాడుండెను. ఆతడు ఉబ్బసరోగి యగుటచే గాజుపలకల కెమెరాను మోయజాలక, సినిమాలకు వాడు 35 మిల్లీమీటర్ల ఫిల్మును అడ్డముగా నడిపి, సినిమా చట్రమునకు రెట్టింపుగా 24కు 36 మిల్లీమీటర్ల బొమ్మ పడునట్లు 1914 నాటికొక చిన్న కెమెరాను నిర్మించెను. నడుమ మహాయుద్ధము వచ్చిపోయిన పిదప, 1925లో లైప్‌జిగ్ వసంతకాలపు సంతలో అది లైకా యను పేర లోకమునకు పరిచితమయ్యెను. 1934లో కొడాక్ వారు పగటి వెలుతురునందే కెమెరాలో వేసికొనదగిన ఫిల్ము డబ్బీని అమ్మజొచ్చుటతో సామాన్యునకు ఫిల్మును చీకటిగదిలో చుట్టుకొను ప్రయాసయు తప్పినది.

అయినను లైకా కలవారి సొత్తుగానే మిగిలెను. జపానులో ఒలింపస్ సంస్థయందు చేరిన యువకుడు యొషిహిసా మైతానీ, ఆరువేల యెన్నులకు మించని వెలకు మంచి కెమెరా నీయవలెనని పూని, 1959లో పెన్ అను దానిని వెలువరించెను. బొమ్మ చట్రమును సగము చేయుటచే 36 బొమ్మల రోలుపై 72 బొమ్మలు దిగుచుండుట గృహస్థులకు పెద్ద కలిసివచ్చు సంగతి. 1960 దశకమున బయలుదేరి 1984 వరకు తయారైన ట్రిప్ 35 ఈ దారిలోనిదే. కటకము చుట్టు తేనెపట్టువలె అమరిన సెలీనియపు వలయము తనపై పడిన వెలుతురుతోనే విద్యుత్తును పుట్టించి ఎక్స్‌పోజరును నిర్ణయించును గనుక, దీనికి బ్యాటరీతో నిమిత్తము లేదు.

అటుపై అప్పగింతలు వేగిరమయ్యెను. 1975లో కోనికా తన చిన్న కెమెరాలోనే ఫ్లాషు నమర్చెను; 1977లో అదే సంస్థ ఫోకసును సైతము యంత్రమునకే వదలిన కెమెరాను తెచ్చెను. 1990లో టైటానియపు కవచముతో వచ్చిన కాంటాక్స్ టీ2 నేటి పాతబజారులో మిక్కిలి వెల పలుకుచున్నది. కాని దానిని చేసిన క్యోసెరా 2005లో ఆ వ్యాపారమును ముగించుట చేత, సర్క్యూటు చెడినచో మరియొక కెమెరాను విప్పి భాగములు తీయుట తక్క గత్యంతరము తఱచుగా లేదు.

ట్రిప్ వంటిదానిని పరీక్షించుటకు అరచేయి చాలును. అపర్చరు వలయమును ‘A’ అను గుర్తువద్ద నుంచి, కటకమును చేతితో మూసి మీట నొక్కినచో, వ్యూఫైండరులో ఎఱ్ఱని రేకు పైకి లేచి షట్టరు పడకుండుట ఆరోగ్యలక్షణము. ఎండలో పట్టినను ఆ రేకే లేచుచుండెనేని సెలీనియము చచ్చినదని గ్రహింపవలెను. వెనుక మూత తెఱచినప్పుడు, వెలుతురు చొరకుండ అంచులలో నుంచిన నురుగుపట్టీలు నల్లని జిగురై వ్రేలికంటినను భయపడ బనిలేదు. అవి స్వల్పవ్యయముతో మార్చదగినవి. భయపడవలసినది బూజునకు. విశాఖ, కాకినాడ వంటి తేమగల తీరపట్టణములలో తోలుసంచితో సహా బీరువాలో ఏండ్ల తరబడి మూసిపెట్టిన కెమెరాలకు ఈ చీడ సులభముగా సోకును. సన్నని దారములుగా ప్రాకి కటకపు పూతనే తినివేసినచో తుడిచినను ఆ మచ్చ పోదు.

ఇట్లు కాలము తయారీదారుల తరతమములను తలక్రిందులు చేసినది: ఆనాడు వెల తక్కువగా, పని తక్కువగా చేసిన యంత్రమే ఈనాడు మరమ్మతునకు లొంగుచున్నది. ఫిల్ము మరల ప్రియమగుటచే 2024లో పెంటాక్స్ వారు సగపు చట్రపు కెమెరాను క్రొత్తగా విడుదల చేయుటయు మైతానీ లెక్క నేటికిని చెల్లుననుటకు సాక్ష్యము. కావున నిత్యమును వాడదలచినవాడు పేరును, పలుకుచున్న ధరను అటుంచి, ఆ కెమెరా ఏ పనిని లోహమునకు, ఏ పనిని విద్యుత్తునకు అప్పగించెనో విచారించి బేరమాడుట శ్రేయస్కరము.