వీధిబడిలో పద్యం: తెలుగు పిల్లలకు కవిత్వం నేర్పిన తీరు

తెలుగునాట పసిపిల్లలకు పద్యం నేర్పే పద్ధతి సర్కారు బడులకంటే చాలా ముందునుంచే ఉంది. దానికి నెలవు వీధిబడి, అంటే ఒక ఇంటి అరుగు మీదనో, గుడి మంటపంలోనో పంతులు తన జీవనోపాధిగా నడుపుకొన్న బడి. ఇసుకలో వేలితో ఓనమాలు దిద్ది గుణింతాలు దాటిన పిల్లవాడు శతకాలకు వచ్చేవాడు. శతకమంటే నూరు, లేదా నూటికి కొంచెం పైబడిన పద్యాల కూర్పు. అందులో ప్రతి పద్యాన్నీ ముగించే ఒకే రకమైన సంబోధనకు మకుటమని పేరు. ఈ మకుటమే పంతులుకు దొరికిన గొప్ప సాధనం. వేమన పద్యాల్లో నాలుగో పాదమంతా సాధారణంగా మకుటమే కాబట్టి, కొత్త పద్యం మొదలుపెట్టిన పిల్లవాడికి కొత్తగా నేర్వవలసినవి మూడు పాదాలే మిగిలేవి. అవి తడబడినా చివరి పాదాన్ని బడి అంతటితో గొంతు కలిపి అనగలిగేవాడు.

ఛందస్సు కూడా పిల్లలకు అనువైనదే. వేమన పద్యాలు ఎక్కువగా ఆటవెలదిలో సాగుతాయి. ఆ పద్యంలో రెండో పాదమూ నాలుగో పాదమూ అయిదేసి సూర్యగణాలతో ఏర్పడతాయి. సూర్యగణం మూడు మాత్రల కొలత, మాత్ర అంటే ఒక హ్రస్వాక్షరాన్ని పలకడానికి పట్టే కాలం. అందువల్ల ఆ పాదాలు చేత్తో తాళం వేసుకోదగినంత సమానమైన నడకతో సాగుతాయి. గణాల పేర్లు తెలియని వయసులోనే చెవికి ఆ కొలత అలవడేది, ఒక అక్షరం జారితే నడక కుంటుపడినట్టు పిల్లవాడికే తెలిసేది. వల్లె వేయడాన్ని, అంటే పదేపదే పైకి చదివి కంఠస్థం చేయడాన్ని, కేవలం జ్ఞాపకశక్తికి పెట్టిన పరీక్షగా చూసేవారు ఈ చెవి శిక్షణను లెక్కలోకి తీసుకోరు.

ఈ పద్ధతిలోని లోపాన్ని మొదట గట్టిగా ఎత్తిచూపినవారిలో బళ్ళారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ ఒకడు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లాల బడుల వివరాలు కోరగా, అంతకు కొన్నేళ్ళ ముందే తెలుగు వ్యాకరణం రాసి ప్రకటించి ఉన్న ఆయన 1823లో సవివరమైన నివేదిక పంపాడు. ఆ జిల్లాలో 533 బడులున్నాయని, వాటిలో 226 తెలుగువని, 235 కన్నడానివని అందులో ఉంది. అయితే ఇంచుమించు పది లక్షల జనాభాలో బడికి వెళ్ళేవారు ఏడు వేలమంది కూడా లేరు. ఉదయం అందరికంటే ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాసేవారని, రెండోవాడికి సున్న చుట్టేవారని, మూడోవాడి నుంచి దెబ్బలు ఒక్కొక్కటిగా పెరిగేవని కూడా ఆయన నమోదు చేశాడు. పెద్ద పిల్లలు చిన్నవారికి చెప్పే ఏర్పాటును మెచ్చుకొన్న ఆయనే, పుస్తకాలన్నీ వాడుకకు దూరమైన పద్యభాషలో ఉండడంవల్ల పిల్లలు అర్థం తెలియకుండానే చిలకల్లా అప్పజెబుతున్నారని విమర్శించాడు. ఆ విమర్శ న్యాయమైనదే. కాని దానికి చికిత్సగా తరువాతి కాలపు తరగతి గది ప్రతిపదార్థాన్ని, అంటే ఒక్కొక్క మాటకు విడివిడిగా అర్థం చెప్పే పద్ధతిని, ముందుకు తెచ్చి, పద్యాన్ని గొంతెత్తి చదివించడాన్ని వెనక్కు నెట్టింది. అర్థం కోసం చెవిని వదులుకోవలసిన అవసరం నిజానికి లేదు.

ఆ మాటకు సాక్ష్యం బడి గడప బయటనే ఉండేది. కాళ్ళాగజ్జె ఆటలో పిల్లలు వరసగా కాళ్ళు చాపుకొని కూర్చుంటే, ఒకరు పాటలోని ఒక్కొక్క దెబ్బకు ఒక్కొక్క కాలిని తాకుతూ పోతారు, చివరి మాట ఎవరి కాలి మీద పడితే వారు ఆ కాలు ముడుచుకోవాలి. పాటను కొలతలుగా విడగొట్టడమనే ఛందశ్శాస్త్రపు పని అక్కడ ఆటగా జరుగుతుంది. బడి మొగం చూడని ఆడపిల్లలకు కూడా ఆ చదువు అందింది. దసరా రోజుల్లో పంతులు పిల్లలను వెంటబెట్టుకొని ఇంటింటికీ వెళ్ళి పద్యాలు చదివించి, తాను కానుక, పిల్లలకు పప్పుబెల్లాలు పుచ్చుకొనే ఆచారం మాత్రమే ఈ రెండు లోకాలనూ కొంత కలిపింది. వినేవారు ఎదురుగా ఉన్నారన్న ఉత్సాహం పిల్లల ఉచ్చారణను ఎంతగా దిద్దుతుందో ఆ పంతుళ్ళు బాగా ఎరుగుదురు.

ఇరవయ్యో శతాబ్దంలో గిడుగు వేంకట సీతాపతి, చింతా దీక్షితులు వంటివారు పిల్లల నోట ఆడే మాటలతోనే గేయాలు కట్టారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు రేడియో అన్నయ్యగా, అక్కయ్యగా బాలానందం కార్యక్రమంలో పిల్లల చేతనే పాడించి ఆడించారు. జంధ్యాల పాపయ్యశాస్త్రి మాత్రం పద్యాన్ని విడిచిపెట్టలేదు: ఆయన ‘తెలుగు బాల’ శతకం మకుటంతో సహా పాత శతకపు చట్రాన్నే తీసుకొని, నిఘంటువు అక్కరలేని మాటలతో దాన్ని నింపింది. కాంప్‌బెల్ అడిగిన అర్థం, వీధిబడి అలవరచిన నడక ఆ పద్యాల్లో ఒకే చోట దొరుకుతాయి.