గట్టు మీది గుడిసెకు వైద్యం

కరోనా కాలం అనగానే పెద్దాసుపత్రుల పడకలు, ఆక్సిజన్ సిలిండర్లే గుర్తొస్తాయి. మన గూడేలకు మాత్రం ఆ రెండేళ్లూ వైద్యమంటే ఆశా కార్యకర్త, ఏఎన్‌ఎం, 104 బండి. వాళ్ల పని ఎలా మారిందో మన పిల్లలకు చెప్పేవారు తక్కువ.

2020 మార్చి 25న లాక్‌డౌన్ వచ్చింది. బస్సులు ఆగాయి. బుట్టాయగూడెం, పోలవరం కొండల్లోని వాళ్లకు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం దాకా రావడమే గగనమైంది. గిరిజన ప్రాంతాల్లో 20 వేల మందికి ఒక ఆరోగ్య కేంద్రం, 3 వేల మందికి ఒక ఉపకేంద్రం ఉండాలని లెక్క. కొండల్లో 3 వేల మంది అంటే ఎన్ని గూడేలు, దాటాల్సినవి ఎన్ని వాగులు! అందుకే వైద్యమే గడప దాకా నడవాల్సి వచ్చింది. ఆశాలు, ఏఎన్‌ఎంలు, సుమారు 50 ఇళ్లకు ఒకరుగా ఉన్న వాలంటీర్లు ఇల్లిల్లూ తిరిగి జ్వరం, దగ్గు ఉన్నవాళ్ల పేర్లు రాసుకున్నారు. జూలై 1న రాష్ట్రంలో 1,088 కొత్త 108, 104 వాహనాలు రోడ్డెక్కాయి.

ఏజెన్సీలో వానాకాలం జ్వరమంటే ముందు మలేరియా అనుకోవాలి. కరోనా జ్వరమూ మొదట్లో అలాగే ఉంటుంది. ఎక్కడికో తీసుకుపోతారనే భయంతో జ్వరం దాచుకుంటే మలేరియా ముదిరి ప్రాణం మీదికొస్తుంది. ఆ భయం పోగొట్టడానికి గూడెంలోనే పుట్టి, పెద్దలతో కోయభాషలో మాట్లాడే ఆశాకు మించినవారు లేరు. మన భాష ఎందుకూ పనికిరాదనేవాళ్లు ఇది గమనించాలి.

ఇంటింటికీ తిరిగే ఆ పద్ధతి డిసెంబరులో ఏలూరు పట్టణానికీ అక్కరకొచ్చింది. 5వ తేదీన వన్‌టౌన్‌లో జనం మూర్ఛ వచ్చి పడిపోవడం మొదలైంది. బాధితులు 600 దాటారు. అది కరోనా కాదు. రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఉన్నట్టు ఢిల్లీ ఎయిమ్స్ తేల్చింది. కారణం వెతుకుతుండగానే సిబ్బంది ఇళ్లు చుట్టబెట్టారు.

ఇక కొల్లేరు సంగతి. చేపల చెరువుల గట్ల మీద కాపలా ఉండే యానాది కుటుంబాలకు చెరువు మారితే గుడిసె మారుతుంది. రేషన్ కార్డు ఒక ఊళ్లో, పొయ్యి ఇంకో గట్టు మీద. ఇళ్ల జాబితా పట్టుకుని వచ్చినవాళ్లకు ఆ గుడిసె కనపడదు. 2021 మే 1 నుంచి 18–44 ఏళ్లవారికి టీకా అన్నారు గానీ, ముందుగా కోవిన్‌లో పేరు నమోదు చేసుకోవాలన్నారు. స్మార్ట్‌ఫోను లేనివాళ్లు ఏం చేయాలి? మే 24న ప్రభుత్వ కేంద్రాల్లో అక్కడికక్కడే నమోదుకు కేంద్రం ఒప్పుకుంది. జూన్‌లో ఐదేళ్లలోపు పిల్లల తల్లులకు రాష్ట్రం టీకా మొదలుపెట్టింది. జూన్ 20న ఒక్కరోజే 13 లక్షల మందికి పైగా వేశారు. నియమం సడలితే ఎంత పని జరుగుతుందో అప్పుడు తెలిసింది.

బడిలో పిల్లల్ని చేర్చుకునేటప్పుడు మేం కార్డు ఉన్న ఊరితో పాటు ఇప్పుడుంటున్న గట్టు పేరు కూడా రాసుకుంటాం. ఆరోగ్య సర్వేకి వచ్చినవాళ్లకు ఆ పేజీ చూపిస్తాం.