జరాశాస్త్రము, ధర్మశాస్త్రము: ఒక సంగమ చరిత్ర

ఆయుర్వేదమునకు అంగములు ఎనిమిది. అందు రసాయన తంత్రము జరను నిలువరించుటకై ఏర్పడినది. అయితే జరాగ్రస్తుని పోషింపవలసినది ఎవరన్న ప్రశ్నకు సమాధానము చెప్పినది వైద్యుడు కాదు, స్మృతికారుడు. ఎట్టి కష్టమునకైనను ఓర్చి వృద్ధులగు తల్లిదండ్రులను భరింపవలెనను మనువచనమును విజ్ఞానేశ్వరుడు మితాక్షరలో ఉదాహరించెను. ఆ మితాక్షరనే 13వ శతాబ్దమున కేతన తెనిగించెను. న్యాయశాస్త్రమునకు తెలుగు పద్యమును వాహనముగా చేసిన ఆ కవి మరింత కీర్తికి అర్హుడు.

ఆధునిక కాలమున 1956 నాటి హిందూ దత్తత, భరణ చట్టము ఈ ధర్మమును శాసనముగా మార్చెను. 1973 నాటి నేర విచారణ స్మృతిలోని సెక్షన్ 125 దానిని సర్వమతస్థులకు విస్తరింపజేసెను. వివాహిత పుత్రికకును ఈ బాధ్యత కలదని సర్వోన్నత న్యాయస్థానము 1987లో నిర్ణయించెను. న్యాయశాస్త్రము ఇట్లు నడచుచుండగా, తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయమున ఆచార్య పి.వి. రామమూర్తి వార్ధక్యమును మనోవిజ్ఞాన దృష్టితో పరిశోధించుచుండెను. ఈ రెండు విద్యలు చిరకాలము వేర్వేరు మార్గములనే నడచినవి.

అవి కలసిన స్థానము 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టము. వార్ధక్య వ్యాధుల పరిశోధనను విస్తరింపవలెనని అందలి సెక్షన్ 20 రాష్ట్ర ప్రభుత్వములను ఆదేశించుచున్నది. అయినను నెలకు 10,000 రూపాయలను భరణమునకు పరమావధిగా నిర్ణయించిరి. వృద్ధుల ఔషధ వ్యయమును ఎరిగిన వైద్యుని ఒక్కనిని సంప్రదించినను ఆ సంఖ్య నిలిచెడిది కాదు.

సెక్షన్ 23 మరింత సూక్ష్మమైనది. పోషణ షరతుతో ఆస్తిని పొంది, పిదప పోషింపనిచో ఆ దానము రద్దు కాగలదు. కాని పుత్రునకు గిఫ్ట్ డీడ్ వ్రాయు తండ్రి షరతు వ్రాయించునా? విశ్వాసమే అతని షరతు. షరతు నిరూపింపబడవలెనని 2022లో సర్వోన్నత న్యాయస్థానము చెప్పెను; ఇది సంక్షేమ శాసనము గనుక ఉదారముగా వ్యాఖ్యానింపవలెనని 2025 జనవరిలో అదే న్యాయస్థానము పలికెను. వృద్ధుని మనస్సును ఎరిగిన తీర్పు రెండవదియే.

హయత్ అనగా ఆయుస్సు. ఆ పేరు గల హయత్‌నగరమున, విజయవాడ రహదారి వెంబడి, భూమి విలువతోపాటు ఇట్టి దానపత్రముల బరువును పెరిగినది. వివాదము వచ్చినచో విచారించునది రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షత వహించు ట్రిబ్యునలు. స్వయముగా రాలేని వృద్ధుని పక్షమున అతడు అధికారమిచ్చిన అన్యుడు అర్జీ పెట్టవచ్చును. ఎవరును పెట్టకున్నను ట్రిబ్యునలు తనంతట తానే విచారణ చేపట్టవచ్చును.