చీకటిగదిలో కాలమానం

1890లో ఇంగ్లండులోని విడ్నెస్‌లో పనిచేస్తున్న రసాయనవేత్త ఫెర్డినాండ్ హర్టర్, ఇంజనీరు వెరో డ్రిఫీల్డ్ తమ ఛాయాచిత్ర పరిశోధనలను ప్రకటించారు. అంతవరకు ఎర్రదీపం వెలుగులో, ఎక్కువగా కంటి అంచనాతో సాగిన డెవలపింగు క్రమంగా కొలతకు లోబడింది. నెగెటివ్‌లో నీడల వివరాలను ప్రధానంగా ఎక్స్‌పోజరు నిర్ణయిస్తుంది. వెలుగునీడల తారతమ్యం మాత్రం డెవలపింగు కాలాన్ని బట్టి పెరుగుతుంది. ద్రావణం వేడెక్కినకొద్దీ ఆ కాలాన్ని తగ్గించాలి.

అందువల్ల 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లెక్కించిన పట్టికలు మన వేసవిలో యథాతథంగా చెల్లలేదు. వేడికి జిలటిన్ పొర ఉబ్బి, మెత్తబడి, చిత్రమే చెడిపోయే ప్రమాదం ఉండేది. ఉష్ణదేశాలకు ఉద్దేశించిన డెవలపర్లలో సోడియం సల్ఫేట్ చేర్చి ఆ ఉబ్బును అరికట్టారు. మన పాత నెగెటివ్‌లు నేటికీ గతాన్ని చూపగలుగుతున్నాయంటే, అందులో దృశ్యాన్ని ఎంచుకున్న కంటితోపాటు చీకటిగదిలో నిమిషాలు లెక్కించిన చేతులకూ భాగముంది.