చదువు రాని సంఘమునకు కథయే గ్రంథము

శతవార్షికోత్సవ సమయమున మనము కట్టుకొన్న దేవాలయములను, పాఠశాలలను, ఆసుపత్రులను, సేవ చేసిన బిషప్పులను లెక్కించుకొనుట న్యాయమే. అయితే ఆ లెక్కలో చేరని సేవకులు కొందరున్నారు. వారి చేతిలో ఉన్నది తంబుర, గుమ్మెట. బుర్రకథ చెప్పి వాక్యమును మన పేటలలోనికి తెచ్చిన వారిని గూర్చి ఈ సంచికలో నాలుగు మాటలు వ్రాయవలెనని నాకు తోచినది.

ఆంధ్రదేశమున మన పితరులు ఎట్లు విశ్వాసులైనారో ఒకసారి జ్ఞాపకము చేసుకొందము. 1841లో రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ దొరలు మచిలీపట్నములో దిగారు. 1859లో రాఘవాపురమునకు చెందిన పగోలు వెంకయ్యగారు బాప్తిస్మము పొందిన తరువాత కృష్ణా ప్రాంతపు మాలపల్లెలలో సువార్త వ్యాపించినది. 1878 జూలై 3వ తేదీన ఒంగోలు ప్రాంతములో, గుండ్లకమ్మ ఏటిలో, ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందారు. వీరిలో అత్యధికులకు అక్షరము రాదు. రానివ్వలేదు అనుట మరింత నిజము. విశ్వాసము వినుట వలన కలుగునని పౌలు రోమీయులకు వ్రాసిన మాట మన దేశమున అక్షరాలా నెరవేరినది. వారు చదివి నమ్మలేదు, విని నమ్మారు.

చదువు లేనివారు గాని, కథ తెలియనివారు కారు. తోలుబొమ్మలాట, వీధిభాగవతము, జంగము కథ, చిందు భాగవతము వారి రాత్రులను నింపినవి. తెల్లవార్లు కథ విని మరునాడు పొలములో దానిని తిరిగి చెప్పుకొనగల జ్ఞాపకశక్తి వారిది.

బుర్రకథ ఈ జంగము కథలో నుండి పుట్టినదే. తంబుర బుర్రను బట్టి ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. నడుమ కథకుడు నిలుచును. అతని భుజమున తంబుర, చేతిలో మ్రోగే అందెలు, కాళ్లకు గజ్జెలు. ఇరుప్రక్కల ఇద్దరు వంతలు గుమ్మెటలు వాయించుచు ‘తందాన తాన’ అందుకొందురు. ఒక వంత హాస్యము పలికించును. మరొక వంత రాజకీయము, అనగా నేటి లోకము సంగతులు, కథలోనికి తెచ్చును. పాత కథను ఈనాటి బ్రతుకునకు అన్వయించు పని ఆ రెండవ వంతది. మంచి ప్రసంగీకుడు చేయవలసిన పని కూడ అదే గదా!

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఈ కళకు క్రొత్త ఊపిరి పోసినది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో పుట్టిన షేక్ నాజర్ గారు పల్నాటి యుద్ధమును, బొబ్బిలి యుద్ధమును చెప్పి జనమును ఉర్రూతలూగించారు. 1986లో పద్మశ్రీ పొంది, 1997లో కన్నుమూశారు. శైవ జంగముల చేతిలో పెరిగిన కళను ఒక మహమ్మదీయుడు శిఖరమునకు చేర్చాడు. పాత్ర ఒకటే, అందులో పోసినది వేరు. క్రైస్తవ బుర్రకథకులు చేసినదీ అదే.

ఇక మనస్సును నొప్పించు సంగతి ఒకటి చెప్పవలెను. మన వారు సంఘములో చేరినప్పుడు డప్పును విడిచిపెట్టమని మిషనరీలు, ఉపదేశులు అనేకచోట్ల కోరారు. దానికి కారణము లేకపోలేదు. గ్రామదేవత జాతరలోను, ఊరి చావులలోను డప్పు కొట్టుట మాదిగవారి మెడపై ఉన్న వెట్టి. దానిని దించుకొనుట ఆనాడు స్వాతంత్ర్యమే. కాని వెట్టితోపాటు విద్య కూడ గుమ్మము బయటనే ఉండిపోయినది. బానిసత్వమును విడువవలసినదే గాని, చేతిలోని కళ చేసిన పాపమేమి?

అట్లని సంఘము ఎల్లప్పుడు దేశీయ కళను త్రోసివేసినదనుట సరికాదు. 1833లో బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌధరిగారి కీర్తనలను నేటికీ ఆదివారమున పాడుకొనుచున్నాము. తంజావూరు వేదనాయగ శాస్త్రిగారు కురవంజి నాటక రీతిని గైకొని తమిళమున ‘బెత్లెహేము కురవంజి’ రచించారు. కేరళ తీరమున కతోలికులు చవిట్టునాటకమును నేటికీ ఆడుచున్నారు. 1912లో బిషప్పుగా అభిషేకింపబడిన అజరయ్యగారు కట్టించిన దోర్నకల్ దేవాలయములో ఈ దేశపు గుడుల, మసీదుల శిల్పరీతులు కలిసియున్నవి. రాతికి తగినది పాటకు, కథకు తగదా?

నా చిన్ననాట మా పేటలో క్రిస్మస్ రాత్రి పెట్రోమాక్స్ వెలుగున యోసేపు కథ చెప్పారు. అన్నలు తమ్ముని ఇరువది వెండి నాణెములకు అమ్మిన ఘట్టమున హాస్యపు వంత, “మా ఊరి సంతలో బర్రెదూడ కూడ ఇంత చౌక కాదయ్యా!” అన్నాడు. అందరు నవ్వారు. వెంటనే రెండవ వంత, “అప్పు తీరక పాలేరుగా కొడుకును అప్పగించిన తండ్రి మనలో లేడా?” అని అడిగాడు. నవ్వు ఆగిపోయినది. అక్షరము రాని మా నాయనమ్మ ఆ కథను చివరివరకు ఒక్క సంగతి తప్పకుండ మాకు చెప్పెడిది. వేదాంత కళాశాలలో ఆదికాండముపై ఎన్ని ఉపన్యాసములు విన్నను, యోసేపు అనగానే నాకు మొదట వినబడునది ఆ గుమ్మెటయే.

అట్టి నేను చేసిన తప్పును ఇక్కడ ఒప్పుకొందును. గురువునైన క్రొత్తలో ఒక సంఘమున పనిచేయుచుండగా, వృద్ధుడైన బుర్రకథకుడొకరు నాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, ఈ క్రిస్మస్‌కు తప్పిపోయిన కుమారుని కథ చెప్పనియ్యండి, వంతలను నేనే తెచ్చుకొంటాను” అని అడిగారు. “తాతా, ఇప్పుడెవరు వింటారు? ఈసారి తెరమీద సినిమా వేస్తున్నాము” అన్నాను. ఆయన మారు మాట్లాడక దండము పెట్టి వెళ్లిపోయారు. మరుసటి వేసవిలో ఆయన సమాధి కార్యక్రమము నేనే జరిపించాను. ఆయన కట్టిన కథలలో ఒక్కటియు కాగితము మీద లేదు. తంబుర గోడకు వ్రేలాడుచున్నది. దానిని పలికించువారు ఆ ఇంట లేరు. నాడు నేను త్రోసివేసినది ఒక రాత్రి కార్యక్రమమును కాదు, ఒక గ్రంథాలయమునని తరువాత తెలిసినది.

ప్రియ సంఘ సభ్యులారా! మీ ఇండ్లలో, మీ బంధువులలో ఇట్టి కథలు వచ్చిన పెద్దలు ఇంకను ఉండవచ్చును. వారిని కూర్చుండబెట్టి చెప్పించండి. యౌవనస్థులు చేతి ఫోనులో ఆ స్వరమును పట్టి ఉంచవచ్చును, పుస్తకములో వ్రాసికొనవచ్చును. స్త్రీల మైత్రి, యువజన సమాజము కలిసి ఏడాదికొక్క కథనైనను సంఘములో చెప్పించినయెడల, పిల్లలు వంత పాడుట నేర్చుకొందురు. ఈ క్రిస్మస్‌కు మా సంఘమున తెర కట్టుట లేదు. ఇద్దరు యువకులు గుమ్మెట నేర్చుకొనుచున్నారు. వారి తాళము ఇంకను కుదరలేదు గాని, కథ మాత్రము నిర్ణయమైనది. అది తప్పిపోయిన కుమారుని కథ.

ఉపమానములు చెప్పి జనులకు బోధించిన ప్రభువునకే మహిమ కలుగును గాక.