పాల్వంచ బొగ్గు, పాల్వంచ ఇనుము

పాల్వంచ అంటే బయటివాళ్ళకి పెద్దమ్మ గుడి, కేటీపీఎస్ థర్మల్ విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు, కిన్నెరసాని గుర్తొస్తాయి. స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీ పేరెత్తేవాళ్ళు తక్కువ. నాకది బాధగానే ఉంటుంది. బొగ్గుతో స్పాంజ్ ఐరన్ తీసిన ఫ్యాక్టరీ దేశంలో మొదట వెలిసింది మా ఊళ్ళోనే.

ఇనుపరాయిలో ఇనుమూ ఆక్సిజనూ కలిసి ఉంటాయి. వాటిని విడదీయాలి. బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఆ పనికి కోక్ (గాలి తగలకుండా కాల్చిన బొగ్గు) కావాలి, పైనున్న రాయి బరువుకి నలగని గట్టి కోక్. సింగరేణి బొగ్గు బాగా మండుతుంది గాని అలాంటి కోక్ కట్టదు. మరి ఇంత బొగ్గు మీద కూర్చుని ఇనుము చేయలేమా? ఆ ప్రశ్నకి జవాబు చేసి చూపడానికే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఐక్యరాజ్యసమితి సాయంతో 1975లో స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్‌ను స్థాపించాయి. 1980లో కిల్న్ తిరిగింది. ఏడాదికి 30 వేల టన్నులు.

మా మామయ్య అక్కడ షిఫ్టుల్లో చేసేవారు. కిల్న్ అంటే పడుకోబెట్టిన పెద్ద గొట్టం, ఒక వైపు కాస్త వాలుగా ఉండి మెల్లగా తిరుగుతుంది. పై చివర రాయి, బొగ్గు, గంధకాన్ని పట్టుకోవడానికి డోలమైట్ పోస్తారు. బొగ్గు నుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడ్ రాయిలోని ఆక్సిజన్‌ని లాక్కుపోతుంది. వేడి వెయ్యి డిగ్రీలు దాటినా ఇనుము కరిగే 1538 దాకా పోదు. కాబట్టి రాయి ఆకారం చెడదు, ఆక్సిజన్ వదిలిన చోటల్లా స్పాంజ్‌లాగా సన్నని బొక్కలు పడతాయి. చల్లారాక అయస్కాంతంతో ఇనుమునీ మిగిలిన బొగ్గునీ వేరుచేస్తారు.

వేడి అదుపు తప్పితే బూడిద మెత్తబడి కిల్న్ గోడలకి గారలా పడుతుంది. దారి మూసుకుపోతే కిల్న్ ఆపాలి, చల్లారనివ్వాలి, మనుషులు లోపలికి దిగి కొట్టి తీయాలి. ఆ రోజుల్లో మామయ్య ఇంటికొచ్చి అన్నం కూడా సరిగా తినేవారు కాదు.

తర్వాత రెండో కిల్న్‌తో సామర్థ్యం 60 వేల టన్నులైంది. 2010లో సంస్థ ఎన్ఎండీసీలో కలిసింది. ఈలోగా ఛత్తీస్‌గఢ్‌లో, ఒడిశాలో, బళ్ళారిలో ఇలాంటి కిల్న్‌లు వందల్లో లేచాయి. స్పాంజ్ ఐరన్‌లో నేడు ప్రపంచంలో మొదటి స్థానం మనదే, అందులో ఎక్కువ భాగం బొగ్గుతో చేసిందే.

మామయ్య ఇచ్చిన ముక్క ఒకటి మా ఇంటి కిటికీ గట్టు మీద ఉండేది, చూపుకి రాయి, చేతికి తేలిక. బొక్కల్లో తేమ చేరి రెండు వానాకాలాలకే ఎర్రబడి, తాకితే వేళ్ళకి తుప్పు అంటుకునేది.